గంధం పూసిన బౌలింగ్ బంతి

యౌవనంలో మనిషికి క్రమశిక్షణ మితిమీరితే, దానిని తలచుకొని నవ్వుకోవడానికి వార్ధక్యం వరకు ఆగవలసి వస్తుంది. ఆ రోజుల్లో నారాయణగూడలోని ఒక సెల్లార్‌లో ప్రతి గురువారం బౌలింగ్ లీగ్ నడిచేది. (క్రికెట్ కాదు, నున్నటి చెక్క బాటపై బరువైన బంతిని దొర్లించి, చివరనున్న పది పిన్‌లను పడగొట్టే ఆట.) చిక్కడపల్లిలోని మా ఆఫీసు జట్టుకు నేను కెప్టెన్‌ను, లీగ్ నియమావళిని రచించినవాడినీ నేనే. బాట మొదట్లో, బంతి వదిలేచోట ఉండే గీతను ఎవరి కాలి వేలు దాటినా "ఫౌల్!" అని నేను పెట్టే కేక అశోక్‌నగర్ దాకా వినిపించేదని గిట్టనివారు చెప్పుకొనేవారు.

దసరా ముందు ఆ సెల్లార్ యజమాని మమ్మల్నీ, బషీర్‌బాగ్ జట్టునూ పిలిచాడు. "సార్, గురువారం బర్త్‌డే పార్టీలు మస్తు వస్తున్నయ్. మీ రెండు టీములల్ల ఒక్కదానికే జాగా. పండుగ తెల్లారి ఆడుండ్రి. ఓడినోళ్లు ఖాళీ చెయ్యాలె."

పండుగనాడు మా జట్టు సొంత బంతికి ఆయుధపూజ చేసే బాధ్యతను పంతులన్నకు అప్పగించాము (ఉద్యోగం టైపిస్టు, మనసంతా పౌరోహిత్యం). "పద్ధతిలో లోపం ఉండరాదు" అని ఆజ్ఞాపించాను. ఆయన ఏ లోపమూ చేయలేదు. వేళ్లు దూర్చే మూడు రంధ్రాలలో సాక్షాత్తు ముక్కంటిని దర్శించి, మూడింటి లోపలా గంధం దట్టంగా మెత్తాడు. తెల్లవారేసరికి అది గట్టిపడింది.

పోటీ ఆఖరి బంతికి వచ్చింది. అంతదాకా సెల్లార్ బంతులతో ఆడి, పూజ చేసిన బంతిని దీనికోసమే దాచాను. పది పిన్‌లూ పడితే గెలుపు మాది. నా బొటనవేలు రంధ్రంలో పట్టడం లేదు.

"నొక్కుండ్రి సార్, దేవుడున్నడు!" అన్నాడు పంతులన్న.

నొక్కాను. పరుగెత్తి చేయి విసిరాను. నేను బంతిని వదిలాను గాని, బంతి నన్ను వదలలేదు. నూనె రాసిన బాటపై బోర్లా జారుకుంటూ కొంతదూరం కలిసి ప్రయాణించాక బొటనవేలు ఊడివచ్చింది (చేతికే ఉంది, కంగారు పడవద్దు). బంతి ఒంటరిగా ముందుకు సాగి పదింటినీ కూల్చింది.

"గెలిచినం!" అని పంతులన్న గంతులు వేశాడు.

బషీర్‌బాగ్ కెప్టెన్ పొట్ట పట్టుకొని నవ్వుతూ, "సార్, వేలు దాటితేనే ఫౌల్ అంటిరి. మనిషి మొత్తం దాటితే ఏమంటరు?" అన్నాడు.

"జర ఊకో అన్నా! మా సార్ గీత ముట్టనే లేదు, గాల్లకెళ్లి దాటిండు!" అని పంతులన్న అడ్డుపడ్డాడు.

అందరూ నా వైపు చూశారు. బోర్లా పడి ఉండే గంధపు బొటనవేలు పైకెత్తి, "ఫౌల్!" అని కేక పెట్టాను.

మరుసటి గురువారం మా బాటపై బెలూన్లు వెలిశాయి. కొంతకాలానికి బషీర్‌బాగ్ వారి బాటపైనా వెలిశాయి. ఆపైన లీగే లేదు.

మొన్న మనవరాలి పుట్టినరోజుకు ఒక మాల్‌లో బౌలింగ్ ఆడించారు. రంగుల దీపాలు, చెవులు చిల్లులు పడే పాటలు, బంతి పక్కకు పోకుండా ఇరువైపులా కడ్డీలు. గీత మాత్రం ఉంది, పట్టించుకొనేవారే లేరు. మనవరాలు దానిని దాటి రెండడుగులు లోపలికి వెళ్లి బంతిని దొర్లించింది. పిన్‌లన్నీ పడ్డాయి.

"తాతా, గీత దాటిన. ఫౌలా?"

పాత కేక గొంతు దాకా వచ్చింది. మింగాను.

"బోర్లా పడితేనే ఫౌల్ బిడ్డా" అన్నాను. నా నియమావళికి నేను చేసిన ఏకైక సవరణ అది. అమలు చేయడానికి లీగే మిగలలేదు.