గుడ్డు మీకు, పెంకు నాకు

సుబ్బరామయ్యగారు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కోడిగుడ్లు ఊరికే ఇస్తారు. పెంకులు మాత్రం తిరిగి ఇచ్చెయ్యాలి. ఇవ్వనివాడికి జర్మనీలోని ఈ ఫ్రైబర్గ్ ఊళ్ళో మనశ్శాంతి ఉండదు.

ఆయన ఎవరినైనా "బాగున్నావా" అని పలకరించగా విన్నవాళ్ళు లేరు. "పెంకులేవీ?" అంటారు. బస్సులో అంటారు, బేకరీ వరసలో నిలబడి అంటారు. ఒకసారి పళ్ళడాక్టరు కుర్చీలో, నోటినిండా దూది ఉండగా, పక్కగదిలోకి పోతున్న తెలుగు కుర్రాణ్ణి చూసి "ఎంకులేఈ?" అన్నారట. ఆ కుర్రాడు పన్ను చూపించుకోకుండానే ఇంటికి పరుగెత్తాడట.

కొత్తగూడెంలో పుట్టి, గనుల చదువు కోసం కుర్రతనంలో ఇక్కడికి వచ్చిన మనిషి. ఉద్యోగం, పెళ్ళి, పింఛను అన్నీ ఇక్కడే. ఇప్పుడాయన సంసారమంతా పెరట్లో ఉంది: కిన్నెరసాని, మున్నేరు, తాలిపేరు, గోదావరి. నాలుగూ పెట్టలే. అన్నిటికన్నా లావుగా ఉన్నది గోదావరి.

పెంకులు చేతికి రాగానే ఆయన కళ్ళజోడు సవరించుకుని జాతకం చదివినట్టు చదువుతారు.

"వైశాలీ, వారమంతా ఆమ్లెట్లేనా? పరీక్షలా?"

వైశాలి ఇక్కడి యూనివర్సిటీలో చదువుకుంటున్న హైదరాబాద్ పిల్ల. "మీకెలా తెలుసంకుల్?"

"అన్నీ రెండేసి చిప్పలుగా ఉన్నాయి. ఉడకబెడితే చితికి ముక్కలై వస్తాయి. ఉడకబెట్టే ఓపిక కూడా లేదన్నమాట."

"పెంకులివ్వడానికి డాక్టరు దగ్గరలాగా ముందే టెర్మిన్ కూడా తీసుకోవాలా అంకుల్?"

"అక్కర్లేదు. నేనూ ఖాళీయే, కోళ్ళూ ఖాళీయే. ఎప్పుడైనా రా."

ఆ పెంకులన్నీ ఆయన ఓవెన్లో ఎండబెట్టి, దంచి, కోళ్ళ మేతలో కలుపుతారని ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ తెలుసు. పెంకు తింటేనే కోడి గట్టి గుడ్డు పెడుతుందట.

సుబ్బరామయ్యగారి ఇంటి పైవాటాలో శ్రీవల్లి కాపురం. భర్త దశరథ్ పొద్దున్నే డ్రెస్డెన్ రైలెక్కిపోతాడు. శ్రీవల్లి ఇంటర్ మధ్యలో మానేసిన పిల్ల. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు మనసులో చెప్పుకుని పైకి నవ్వి ఊరుకుంటుంది. నోటికి పని తక్కువ కావడంతో కళ్ళకి పని ఎక్కువైంది. ఆమె వంటింటి కిటికీ సరిగ్గా కోళ్ళగూటి మీదికి తెరుచుకుంటుంది.

డిసెంబరులో మంచు దట్టంగా పడింది. కోళ్ళు గూటి గుమ్మం దాకా వచ్చి, ఒక కాలు మంచులో పెట్టి, పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, సుబ్బరామయ్యగారి వంక కోపంగా చూశాయి. ఆయన పారతో దారి తీసి, దారి పొడుగునా గడ్డి పరిచి, మగపెళ్ళివారిని పిలిచినట్టు "దయచెయ్యండి" అన్నారు. అప్పుడు దయచేశాయి.

"శ్రీవల్లీ! ఓసారి కిందికి రా అమ్మా. గోదావరిని పట్టుకోవాలి."

శ్రీవల్లి వెళ్ళి పట్టుకుంది. ఆయన కోడి నెత్తిమీది ఎర్రజుట్టుకి వాజెలిన్ రాశారు.

"ఈ చలికి జుట్టు కొస నల్లబడి రాలిపోతుంది. ఆడపిల్లలు కదా, మొహం చూసుకోవద్దూ?"

శ్రీవల్లి నవ్వింది.

"నవ్వితే చాలదు. మున్నేరుని పట్టుకో."

అలా ఆమెకి కోళ్ళ కొలువు దొరికింది. తొట్టిలో నీళ్ళు గడ్డకడుతుంటే గోరువెచ్చని నీళ్ళు మార్చడం, తడిసిన గడ్డి తీసి పొడిగడ్డి వెయ్యడం, సాయంత్రం జొన్నలు చల్లడం. ఈ పనుల్లో ఆమె ఒకటి గమనించింది. కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. ఎండ లేదు, పొద్దు లేదు, వాటికి మనసూ లేదు. సుబ్బరామయ్యగారు గూట్లోకి ఖాళీ బుట్టతో వెళ్ళి ఖాళీ బుట్టతోనే వస్తున్నారు.

కానీ ప్రతి ఆదివారం ఊళ్ళో చదువుకునే తెలుగు పిల్లలు పెంకులు పట్టుకుని వచ్చేసరికి బల్లమీద గుడ్లు కొండలా ఉంటున్నాయి.

"ఈ చలిలో కూడా ఎన్ని పెడుతున్నాయో చూశారా!" అని ఆయన మీసం సవరించుకుంటారు. "అంతా పెంకుల మహిమ!"

ఒక ఉదయం శ్రీవల్లి గోరువెచ్చని నీళ్ళకోసం చప్పుడు చెయ్యకుండా ఆయన వంటింట్లోకి వెళ్ళింది. గదంతా వెనిగర్ వాసన. సుబ్బరామయ్యగారు చొక్కా చేతులు పైకి మడిచి, సింకు దగ్గర నిలబడి, కొట్లో కొన్న గుడ్లమీద ఎర్రగా ఉన్న ముద్రని తడిగుడ్డతో రుద్దుతున్నారు. ముద్ర పోయిన గుడ్డుకి రెండు గడ్డిపోచలు అంటించి, పెళ్ళికూతురికి దిష్టిచుక్క పెట్టినట్టు కాస్త కోడిరెట్ట అద్ది, బుట్టలో పెడుతున్నారు.

ఆయన వెనక్కి తిరిగారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వేమీ చూడలేదు."

శ్రీవల్లి తల అడ్డంగా ఊపింది.

"మంచిపిల్లవి. ఆ గడ్డి ఇలా అందుకో."

కోళ్ళు పెట్టడం లేదని ఒప్పుకోవడానికి పెద్దాయనకి నామోషీ అనుకుంది శ్రీవల్లి. ఒకటే అంతుపట్టలేదు. వెనక కొట్టుగదిలో దంచని పెంకులు మూటలు మూటలుగా పేరుకుపోయి ఉన్నాయి.

తర్వాతి ఆదివారం ఆ పిల్లల్లో సాయి తేజ అనేవాడు రాలేదు. అతని పెంకులూ రాలేదు. సుబ్బరామయ్యగారు ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మర్నాడు టోపీ, చేతికర్ర, గుడ్ల డబ్బా తీసుకుని బయల్దేరారు.

"నా చెయ్యి పట్టుకో శ్రీవల్లీ. నేను పడతానని కాదు, నువ్వు పడతావని."

హాస్టలు ఎత్తుమీద ఉంది. దారిపొడుగునా మంచు. రెండుసార్లు పడబోయింది ఆయనే. తలుపు తీసిన సాయి తేజ నోరు తెరిచి నిలబడిపోయాడు. కరీంనగర్ పిల్లవాడు, మనిషి సగమై ఉన్నాడు.

"తాతా! గింత మంచుల పెంకుల కోసం వచ్చినవా?"

"మరి నీ కోసం వస్తాననుకున్నావా? ఏవీ?"

"గుడ్లు తీస్కోలే కద తాతా, పెంకులేడికెళ్ళి వస్తయ్? పని పోయింది. మళ్ళ దొరికినంక చూద్దాం. నాకు ఒకలకాడ ఊకె తీస్కునుడు మంచిగనిపియ్యది."

"ఎవడ్రా నీకు ఊరికే ఇచ్చేది? నా కోళ్ళకి పెంకులు కావాలి. నేనొక్కణ్ణీ ఎన్ని తినను? కొలెస్ట్రాలని డాక్టరు తిడుతున్నాడు. నువ్వు తినకపోతే వాటి గతేమిటి? తాలిపేరు మొన్న తోలుగుడ్డు పెట్టింది, తెలుసా? ముట్టుకుంటే జావలా ఉంది. ఏడుపొచ్చింది నాకు!"

"అట్ల గాదు తాతా..."

"ఎట్లయినా సరే. ఆదివారానికి పెంకులు కావాలి. నలుగురు ఆడపిల్లల బతుకు నీ చేతుల్లో ఉంది."

తేజ నవ్వాపుకోలేక డబ్బా అందుకున్నాడు. ఈలోగా శ్రీవల్లి కళ్ళు వాటి పని అవి చేశాయి. పొయ్యిమీద ఉత్త అన్నం. పక్కన పచ్చడి సీసా, అడుగున అంటుకున్నది కూడా వదలకుండా నీళ్ళుపోసి కడిగి కలుపుకున్నట్టు తళతళలాడుతోంది.

దిగివస్తూ ఆమె ఆ చలికాలంలో మొదటిసారి తనంతట తాను నోరు విప్పింది.

"తాతగారూ, గుడ్లే పెట్టని కోళ్ళకి పెంకులెందుకు?"

సుబ్బరామయ్యగారు మంచులో ఆగిపోయారు.

"ఆ మాట కోళ్ళతో అనకు," అన్నారు.

అప్పుడర్థమైంది శ్రీవల్లికి. పెడితే తినని పిల్లవాడు, సాయం చెయ్యమంటే తింటాడు. మర్నాటి నుంచి వెనిగర్ గుడ్డ పట్టుకునే పని కూడా ఆమే తీసుకుంది.

కొత్త పనివాళ్ళ చేతిలో పని కాస్త అటూ ఇటూ అవుతుంది. ఆదివారం అందరూ బల్లచుట్టూ కూర్చుని ఉండగా వైశాలి ఒక గుడ్డుని దీపం కింద పెట్టి తిప్పింది.

"అంకుల్! దీనిమీద ఏడంకె ఉంది, ఎర్రగా. షాపు గుడ్లకే కదా స్టాంపుండేది?"

సుబ్బరామయ్యగారు జీవితంలో మొదటిసారి మాట తడుముకున్నారు. పెంకుల సంచి ఆయన చేతికివ్వబోతున్న తేజ చెయ్యి గాలిలో ఆగిపోయింది. రెండో చేతిలో ఉన్న గుడ్ల డబ్బాని మెల్లిగా బల్లమీద పెట్టేశాడు. ఇంక ఈ కుర్రాడు ఈ గడప తొక్కడు, ఎత్తుమీద కూర్చుని ఉత్త అన్నం తింటాడు అని శ్రీవల్లికి తెలిసిపోయింది. లేచి నిలబడింది.

"అది నేను రాశాను."

అందరూ తిరిగి చూశారు. ఆ గొంతు అక్కడ చాలామంది వినలేదు.

"ఎర్రపెన్నుతో రాశాను. ఏ గుడ్డు ఏ కోడిదో తెలియాలని. కిన్నెరసాని ఒకటి, మున్నేరు రెండు..."

"ఉన్నవి నాలుగు కోళ్ళు కదక్కా? ఇది ఏడు," అంది వైశాలి.

శ్రీవల్లి చెవులు ఎర్రబడ్డాయి. కానీ వెనక్కి తగ్గలేదు.

"నాకు లెక్కలు రావు. అందుకే ఇంటర్ మానేశాను."

వైశాలి శ్రీవల్లిని చూసింది, బల్లమీది డబ్బాని చూసింది, తేజని చూసింది. గుడ్డుమీది అంకెని బొటనవేలితో గట్టిగా తుడిచేసింది.

"నాకూ రావక్కా. నేనైతే మానకుండా ఇంజనీరింగు దాకా వచ్చేశా!"

ఇల్లంతా నవ్వులు. తేజ కూడా నవ్వాడు. నవ్వుతూ డబ్బా తీసి చంకలో పెట్టుకున్నాడు. సుబ్బరామయ్యగారు గట్టిగా దగ్గి, "పెంకులు!" అని అరిచారు.

జనవరి చివర్లో తేజకి ఒక గిడ్డంగిలో పని దొరికింది. ఆ తర్వాత ఒక ఉదయం, శ్రీవల్లి టీ పెట్టుకుంటూ కిటికీలోంచి చూస్తే, తేజ ఫెన్సింగు దూకి, కాగితం సంచీ గుండెలకి హత్తుకుని, మునివేళ్ళమీద కోళ్ళగూట్లోకి దూరుతున్నాడు. కోళ్ళు నానా గొడవా చేశాయి. ఖాళీ సంచీతో బయటికొచ్చి, మళ్ళీ ఫెన్సింగు దూకి, మాయమైపోయాడు.

కాసేపటికి సుబ్బరామయ్యగారు ఖాళీ బుట్టతో వెళ్ళారు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు బుట్ట నిండుగా ఉంది. ఒక గుడ్డు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. ఫెన్సింగు దాకా మంచులో పడి ఉన్న బూటు అడుగుల్ని చూశారు. బుట్ట కింద పెట్టి, పార తీసుకుని, ఆ అడుగులన్నీ ఒక్కటి కూడా మిగలకుండా చదును చేశారు. అంతా అయ్యాక పైకి చూసి, వీధి అదిరిపోయేలా కేకేశారు.

"శ్రీవల్లీ! కిన్నెరసాని పెట్టిందమ్మా! ఒక్క పూటలో బుట్టెడు!"

శ్రీవల్లి కిటికీ తలుపు బార్లా తెరిచింది. చలిగాలి మొహాన కొట్టింది. అంతకంటే పెద్ద గొంతుతో జవాబిచ్చింది.

"ఇన్నాళ్ళూ ఓపిక పట్టి, ఒకేసారి పెట్టేసి ఉంటుంది తాతగారూ!"