లావు కొవ్వొత్తికి ఎంత వత్తి?

మా చిన్నప్పుడు... ఫిల్మ్‌నగర్‌లో మా వంటింట్లో ఎప్పుడూ మైనం వాసనే. అమ్మ కొవ్వొత్తులు పోసేది. కరెంటు పోతే చుట్టుపక్కల అందరూ మా ఇంటికే వచ్చేవాళ్లు.

ఓసారి సినిమాల్లో సెట్లు వేసే యాదగిరన్న వచ్చాడు. చర్చిలో పెళ్లి సీనట... మణికట్టంత లావు కొవ్వొత్తులు కావాలన్నాడు.

"ఐతారం షాటుందమ్మా. నడుమల ఒక్కటి ఆరినా డైరెక్టర్ నన్ను బతకనియ్యడు. జర మంచిగ చెయ్యి."

"అలాగే బాబూ, ఆదివారానికి ఇచ్చేస్తా" అనేసింది అమ్మ. సినిమావాళ్లు ఇచ్చిన మొదటి పని! ఇది చెడితే మళ్లీ ఎవరూ మా గుమ్మం తొక్కరని ఆవిడ భయం.

ఎప్పుడూ సన్నవాటిలో వేసే వత్తే వేసి లావుది ఒకటి పోసింది. వెలిగిస్తే... చుట్టూ చిన్న గుంట పడి, కరిగిన మైనంలో మంట మునిగిపోయింది. అమ్మ మొహం వాడిపోయింది.

ఇక పంతం వచ్చి, కార్తీక దీపాలకి చేసినట్టు దూదితో బొద్దు వత్తి చేసింది. అమ్మో... మంట జానెడు లేచింది! గోడంతా మసి. నాన్న ఆఫీసుకి బయల్దేరుతూ "ఇది కొవ్వొత్తా, కాగడానా?" అన్నారు. అమ్మ చూసిన చూపుకి కాఫీ కూడా అడక్కుండా వెళ్లిపోయారు, పాపం.

తర్వాత నూలు దారాలు జడలా అల్లింది. ఓ పోగు కలపడం, ఓ పోగు తీయడం... పోయడం, చల్లారాక వెలిగించి చూడటం. కరిగిన మైనం అంచుదాకా రావాలి, పొర్లిపోకూడదు. పొగ రాకూడదు. శనివారానికి గానీ కుదరలేదు. అదే కొలతతో అన్నీ పోసేసింది.

షూటింగ్‌కి నన్నూ తీసుకెళ్లింది. అందరూ హీరోయిన్‌ని చూస్తుంటే మేమిద్దరం వత్తుల్ని చూస్తూ కూర్చున్నాం. హీరో విసురుగా వెనక్కి తిరిగాడు... ఆ గాలికి మంటలన్నీ ఒక్కసారి పక్కకి వాలిపోయాయి. అమ్మ నా చెయ్యి నలిపేసింది.

మళ్లీ నిటారుగా లేచాయి. అన్నీ!

"కట్! ఓకే!"

"హమ్మయ్యా!" అని అమ్మ ఎంత గట్టిగా అందంటే... సెట్టంతా ఇటు తిరిగింది. యాదగిరన్న పరిగెత్తుకొచ్చి "బతికించినవమ్మా!" అని చేతులు జోడించాడు. అమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. నాకూ అంతే.

ఇప్పుడు సెట్లలో బ్యాటరీ కొవ్వొత్తులట. స్విచ్ నొక్కితే చాలు, ఏ గాలికీ ఆరవు. మంచిదేలెండి, ఎవరికీ గుండెదడ లేదు... కానీ గుండెదడే లేకపోతే అంతటి "హమ్మయ్యా" ఎలా వస్తుంది?

మీ అమ్మ నోట అలాంటిది ఎప్పుడు విన్నారు? చెప్పరూ...