ఫెటువావో తనిఖీకొచ్చిన ఫోను

సవాయీ దీవిలోని ఆ ఊళ్లో మహిళా కమిటీ ఇళ్ల శుభ్రత తనిఖీ అంటే మగవాళ్లు సైతం నడుముకు చుట్టిన లావలావా సర్దుకుని నిలబడతారు. కమిటీ పెద్ద ఫెటువావోకు అరవై రెండేళ్లు. చాప ఎత్తి కింద చూస్తుంది, నీళ్ల బిందె మూత తీసి వాసన పడుతుంది, మొహమాటమన్నది ఆమె ఎరగదు.

అలాంటి మనిషి ఇంట్లోనే మొగుడు పెలెనాటో పదకొండు రోజులుగా షుగరు మాత్రలు మానేశాడు! నోనూ కాయల రసం నలభై రోజులు తాగితే మాత్రలతో పనిలేదని ఫోనులో వచ్చిన వీడియోలో ఎవరో చెప్పారట. డబ్బాలో మాత్రలు తరగకపోవడం చూసి ఫెటువావో గుండె జారిపోయింది. పెలెనాటో అన్నకు ఇదే జబ్బు ముదిరి కాలు తీసేశారు. ఆమె రెండు రోజులు ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆయన మాత్రం "తెల్లకోటు డాక్టరు చెప్పాడే!" అంటూ గ్లాసు ఎత్తాడు.

మంగళవారం ఊరంతా తనిఖీ చేసి, చివరికి కమిటీలోని ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని తన ఇంటికే వచ్చింది.

"చాపలు బాగున్నాయి. ఇక ఫోను తియ్యి."

"ఫోనుకు తనిఖీ ఏంటే?"

"అదీ ఇంట్లో సామానేగా? ఆ డాక్టరు పేరేంటి?"

పెలెనాటో తెర మీద వేలితో కిందికీ పైకీ తోశాడు. "పేరు... కనబడ్డం లేదు."

"ఏ ఆస్పత్రి?"

"అదీ లేదు."

"ఎప్పుడు చెప్పాడు?"

"తేదీ లేదే. రసం సీసా ధర మాత్రం ఉంది."

వెంట వచ్చిన లూసియాకు నవ్వాగలేదు. "ఊరూ పేరూ చెప్పనోడు ఇంటికొస్తే చాపేసి కూర్చోబెడతావా అన్నా?"

"కోటు చూసి నమ్మాను," అన్నాడాయన, ముఖం చిన్నబుచ్చుకుని.

"ఆదివారం చర్చికి నేను నిలువెల్లా తెల్లబట్టలే కడతాగా? నన్నూ డాక్టరమ్మా అని పిలువు!" అంది ఫెటువావో.

పెలెనాటో కూడా నవ్వేశాడు. "సరే, తప్పు నాదే. తనిఖీ పుస్తకంలో ఏం రాస్తావో రాసుకో."

ఆమె కలం తీసింది గానీ మళ్లీ మూత పెట్టేసింది. "రాయడానికేం లేదయ్యా. మీ అన్నకు తీసేసిన కాలు పూడ్చిననాడు నేనక్కడే ఉన్నా. నీ రెండు కాళ్లూ నాకు కావాలి. భయమేస్తోంది."

ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ మాట ఆమె నోట పెలెనాటో ఎన్నడూ వినలేదు. గ్లాసు పక్కన పెట్టేశాడు.

"రేపు పొద్దున్నే ఆస్పత్రిలో నర్సమ్మ దగ్గరికి పోదాం," అన్నాడు. "ఎన్నాళ్లు మానేశానో నా నోటితోనే చెప్తా. నువ్వు పక్కనుంటే చాలు."