నున్నగా అరగదీసిన అతుకు

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా నా చివరి పోస్టింగు మదనపల్లె. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళు ఉండగా, ఒక ఎండాకాలం మొదట్లో అక్కడ చేరాను. ఆఫీసు మదనపల్లెలో. వారానికొక రోజు పుంగనూరులో క్యాంపు. కొన్నాళ్ళకు కుప్పం వైపు పోస్టు ఖాళీ అయింది, ఆ అదనపు బాధ్యత కూడా నా నెత్తినే పడింది.

జనం మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టరు అంటారు. నిజానికి మా పనులు రెండు. బండి రోడ్డు మీద తిరగడానికి తగినదా కాదా అని చూసి సంతకం పెట్టడం ఒకటి. ప్రమాదం జరిగాక పోలీసులు రాతపూర్వకంగా కోరితే, ఆ బండిని చూసి అందులో యాంత్రిక లోపం ఉందో లేదో చెప్పడం రెండోది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఈ రెండు పనులూ ఒకే బండికి, అదీ ఏడాది తిరక్కముందే చేయాల్సి వచ్చింది ఒక్కసారే. ఆ సంగతే రాస్తున్నాను. ఇందులో నేను గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

పుంగనూరులో మునిరత్నం అని ఒకాయనకు మందుల అంగడి ఉండేది. యాభై దాటిన మనిషి, సౌమ్యుడు. ఆయన పిచ్చంతా ఇనుము మీద. సదుం రోడ్డులో ఒక రేకుల షెడ్డు వేసుకుని, ఆదివారాలూ అంగడి మూసిన మధ్యాహ్నాలూ అక్కడే గడిపేవాడు. రామకుప్పం దగ్గర ఒక రైతు కొట్టంలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న పాతకాలపు విదేశీ కారును తూకానికి కొని, లారీ మీద వేయించి తెచ్చుకున్నాడు. ఇంజను ఉంది, ఛాసిస్ ఉంది, పైభాగం సగం తుప్పు తినేసింది. దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి ఆయనకు ఆరేళ్ళు పట్టింది.

ఆ ఆరేళ్ళూ ఆయన వెంట ఉన్నది ఖాదర్ వలీ. మదనపల్లె మార్కెట్టు నుంచి టమేటా లోడ్లు తోలే లారీ డ్రైవరు, వయసు ముప్పై దాటి ఉంటుంది. వాళ్ళ నాయన మస్తాన్ సాబ్ ఒకప్పుడు గిన్నెలకు కళాయి పోసేవాడు. లోడు లేని రోజుల్లో ఖాదర్ షెడ్డుకు వచ్చి, మునిరత్నం రేకు కొడుతుంటే అవతలి అంచు పట్టుకునేవాడు. ఆ రేకు కొట్టడం నేనూ ఒకసారి చూశాను. ఇసుక సంచి మీద రేకు పరిచి, కొయ్య సుత్తితో మెల్లగా కొడుతూ పోతే రేకు వంగి మడ్‌గార్డు ఆకారానికి వస్తుంది. కొనడానికి దొరకని ప్రతి ముక్కా అలా చేతితో చేసిందే. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూడాలనిపించే పని.

టింకరింగ్ పనివాళ్ళకు ఒక పట్టింపు ఉంటుంది. అతుకు కనపడితే అది పనే కాదంటారు. వెల్డింగు పెట్టిన చోట గుబ్బగా లేచిన లోహాన్ని గ్రైండరుతో చదును చేసి, పుట్టీ పూసి, వాటర్ పేపరుతో రుద్ది, పెయింటు కొడతారు. తర్వాత కళ్ళు మూసుకుని అరచెయ్యి పెట్టి చూస్తారు. చేతికి తగలకపోతే పని నెగ్గినట్టు. మునిరత్నానికి ఈ పట్టింపు మామూలు పనివాళ్ళకన్నా పదింతలు ఎక్కువ.

ఆర్.సి. రెన్యువల్ కోసం ఆ కారును పుంగనూరు క్యాంపుకు తెచ్చారు. ముదురాకుపచ్చ రంగు, దువ్విన గుర్రంలా మెరుస్తోంది. లైనులో ఉన్న ఆటోవాళ్ళంతా బళ్ళు వదిలేసి చుట్టూ మూగారు. మునిరత్నం చేతిలో ఒక మెత్తటి గుడ్డ. ఎవరైనా వేలు పెడితే వెంటనే తుడవడం ఆయన పని. నాతో కూడా కళ్ళు మూయించి మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టించాడు.

“యాడైనా తగిలినాదా సార్ అతుకు? నాలుగు ముక్కలు అది.”

తగల్లేదు. నేను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను.

తర్వాత తనిఖీ చేశాను. ముందు చక్రాలు జాకీ మీద లేపి చేత్తో కదిపి చూశాను. ఖాదర్‌ను స్టీరింగు తిప్పమని, నేను కింద పడుకుని టార్చి వేసి చూశాను. చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టాను. స్టీరింగు పెట్టె పాతది దొరక్క వేరే బండిది వేశానని మునిరత్నమే చెప్పాడు. అలాంటి మార్పుకు ముందస్తు అనుమతి కాగితం అడగాలి. అడగలేదు. పెట్టె నుంచి చక్రానికి పోయే రాడ్డును డ్రాగ్ లింక్ అంటారు. డ్రైవరు చేతికీ చక్రానికీ మధ్య ఉన్న నమ్మకం అంతా ఆ ఒక్క రాడ్డే. లారీ అయితే అక్కడ పెయింటు మీద ఆకురాయి వేసి గీకి, లోపలి లోహం చూస్తాను. మొదటి పోస్టింగు నుంచీ నాకున్న అలవాటు. ఆ రోజు ఆ రాడ్డు మీద నల్ల ఎనామిల్ పెయింటు అద్దంలా ఉంది. గీకబుద్ధి కాలేదు. ఆరేళ్ళ కష్టం మీద గీత పెట్టడమా అని మొహమాటపడ్డాను.

నేను బట్టలు దులుపుకుని లేస్తుంటే ఖాదర్ నవ్వాడు.

“మా లారీలైతే గీకి గీకి పెడ్తారు గదా సార్. దీన్ని గీకేదానికి చెయ్యి రాలేదా?”

అందరం నవ్వాం. నేను సంతకం పెట్టాను.

ఎనిమిది నెలల తర్వాత కుప్పంలో ఒక కాలేజీవాళ్ళు పాత కార్ల ప్రదర్శన పెట్టి మునిరత్నాన్ని పిలిచారు. ఆయనకు దూరం తోలేంత చూపు లేదు. ఖాదర్ తోలాడు. పలమనేరు దాటి వి.కోట మీదుగా కుప్పం పోయే దారిలో, ఏనుగులు దాటు చోటు అని బోర్డు పెట్టిన అడవి పక్కన ఒక దిగువ మలుపు ఉంది. అక్కడ కారు తిరగాల్సిన వైపు తిరగకుండా నేరుగా పోయి కల్వర్టు గోడను కొట్టింది. ఖాదర్ అక్కడికక్కడే పోయాడు. పక్క సీట్లో ఉన్న మునిరత్నానికి చెయ్యి విరిగింది.

ఆసుపత్రిలో పోలీసులు అడిగితే మునిరత్నం చెప్పింది ఇదీ: “మెల్లగా పోరా అని చెప్తానే ఉండా. జోరుగా పోయినాడు, మలుపు కాడ పట్టుకోలేక పోయినాడు.” ఆయన అబద్ధం చెప్పాడని నేను ఇప్పటికీ అనను. తన చేతిపని మీద ఆయనకు అనుమానమే లేదు. బండి తప్పు కాకపోతే మిగిలింది తోలినవాడే. ఆ మాట మీదే కేసు కట్టారు. డ్రైవరు అతివేగం, నిర్లక్ష్యం. ముద్దాయి చనిపోయాడు కాబట్టి, నా రిపోర్టు వస్తే కేసు మూసేయవచ్చు.

మా ప్రమాద రిపోర్టు చివర ఒక వాక్యం ఉంటుంది. వాహనంలోని యాంత్రిక లోపం వల్ల ఈ ప్రమాదం జరగలేదు, అని. వందకు తొంభై సార్లు అదే రాస్తాం, చాలాసార్లు అది నిజం కూడా. స్టేషన్ ఆవరణలో కారు చూడ్డానికి పోయినప్పుడు ఎస్సై కుర్చీ వేయించి టీ తెప్పించాడు.

“డ్రైవరే పాయె సార్. ఇంక ఎవుర్ని పట్టుకోని కోర్టుకు తిరిగేది? మామూలుగా రాసిచ్చేయండి, మూసేస్తాం.”

ఆయన చెడ్డవాడు కాదు. పని తగ్గించుకుందామనుకున్నాడు, అంతే. నేను కారు కిందికి దూరాను.

డ్రాగ్ లింక్ రెండు ముక్కలై ఉంది. గుద్దుకున్న దెబ్బకు విరిగిన రాడ్డయితే ముందు వంగుతుంది, విరిగిన ముఖమంతా కొత్త ఇనుములా తెల్లగా మెరుస్తుంది. ఇది వంగలేదు. విరిగిన ముఖంలో ముప్పాతిక భాగం తుప్పుపట్టి నల్లగా ఉంది. ఒక అంచున మాత్రం గోరంత మేర తెల్లగా ఉంది. అంటే పగులు ఎన్నో నెలల కిందటే మొదలై లోపల్లోపలే పాకింది. ఆ రోజు మలుపు దాకా ఆ రాడ్డును పట్టి ఉంచింది ఆ గోరంతే. వేరే బండి స్టీరింగు పెట్టె వేసినప్పుడు రాడ్డు పొడవు చాలక, రెండు ముక్కలు ఎదురెదురుగా పెట్టి వెల్డింగు చేశారు. వెల్డింగు లోపలిదాకా దిగలేదు, బలమంతా పైన లేచిన గుబ్బలోనే ఉంది. ఆ గుబ్బను అరగదీసి, నున్నగా రుద్ది, పెయింటు కొట్టారు. మడ్‌గార్డుకు చేసినట్టే.

ఆకురాయి ఒక్కసారి వేసి ఉంటే, ఆ క్యాంపు రోజునే, లోహం రంగు తేడా కనపడేది. అతుకు ఉన్న రాడ్డును ఏ పగులూ లేకపోయినా నేను పాస్ చేసేవాణ్ణి కాదు. ఆ వాక్యం మామూలుగా రాసేస్తే మునిరత్నం బయటపడతాడు, నేనూ బయటపడతాను. చెడ్డపేరు ఎలాగూ చనిపోయినవాడికి వచ్చేసింది. ఆలోచించుకోవాలని చెప్పి ఇంటికి వచ్చేశాను. ఆలోచించడానికి అందులో ఏమీ లేదు, భయపడ్డాను. నాలుగు రోజులు రిపోర్టు ఫారం ఏమీ రాయకుండా నా బల్ల సొరుగులోనే ఉంది.

ఐదో రోజు మునిరత్నాన్ని స్టేషనుకు పిలిపించమని ఎస్సైని అడిగాను. చేతికి కట్టుతో వచ్చాడు. నేనేమీ చెప్పకుండా, ఎస్సై ఎదుటే, విరిగిన ముక్క ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఎండలోకి తిప్పి చూశాడు. బొటనవేలితో నల్లటి భాగాన్ని తడిమాడు, తర్వాత తెల్లటి అంచును. ఇనుము తెలిసిన మనిషికి అంతకన్నా చెప్పాల్సిన పనిలేదు. అక్కడే నేలమీద కూర్చున్నాడు.

“నేనే రుద్దినా సార్ దీన్ని. రెండు దినాలు రుద్దినా,” అన్నాడు. “ఖాదరు వద్దన్నాడు. అడుగున యెవురు చూస్తారన్నా, గుబ్బను అట్లే వదిలేయన్నాడు. కింద పడుకోని చూసినా అతుకు కనపడకూడదని నేనే ఇన్లేదు,” అన్నాడు.

ఆ మాటలను ఎస్సై రాసుకున్నాడు. ఆ సాయంత్రమే నేను రిపోర్టు రాశాను. ప్రమాదానికి కారణం డ్రాగ్ లింక్ అతుకు వద్ద ముందునుంచీ ఉన్న పగులు అని, డ్రైవరు వేగానికి ఆధారం కనిపించలేదని రాశాను. ఈ వాహనానికి రెన్యువల్ తనిఖీ చేసింది నేనేనని, ఆ భాగంపై పెయింటు గీకి చూడలేదని, మార్పుకు అనుమతి అడగలేదని చివర చేర్చాను. ఆ రెండు వాక్యాలు అక్కడ అవసరం లేదని మా హెడ్ క్లర్కు గట్టిగానే చెప్పాడు. నాకు ఛార్జి మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను, సర్వీసు రిజిస్టరులో మందలింపు నమోదైంది. అంతటితో పోయింది. నాకు పడాల్సిన శిక్ష అంతకంటే ఎక్కువేనని నా అభిప్రాయం. కేసు మునిరత్నం మీదికి మారింది. కోర్టులో లాయరు వద్దన్నా తప్పు ఒప్పుకున్నాడు. షెడ్డులోని సామాను మొత్తం పాత ఇనుముకు వేసేశాడు.

ఒకటి మాత్రం చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. రిపోర్టు ఇచ్చిన మర్నాడు మునిరత్నం నన్ను తోడు రమ్మని మస్తాన్ సాబ్ ఇంటికి తీసుకుపోయాడు. మసీదు వెనక సందులో రెండు గదుల ఇల్లు. ఖాదర్ భార్య తలుపు పక్కన చిన్నపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మునిరత్నం నిలబడే చెప్పాడు. తప్పు నీ కొడుకుది కాదు, నాది, అని. నాది కూడా అని నేను చెప్పాను. రాడ్డు సంగతి, తుప్పు సంగతి వివరించబోయాను. ముసలాయన చెయ్యి ఎత్తి ఆపాడు. కళాయి పోసిన చెయ్యి, వేళ్ళ నిండా పాత కాలిన మచ్చలు.

“దినామూ వాని గోరీ కాడికి పోతాండా సార్,” అన్నాడు. “పోయినప్పుడంతా తిట్టొస్తాండా. యాలరా అంత జోరుగా పోయినావు, పెండ్లాం బిడ్డ మతికి రాలేదా అని. నిన్న కూడా తిట్టినా.”

మునిరత్నం ఏడుస్తున్నాడు. ముసలాయన ఏడవలేదు. నన్నే చూస్తూ, “ఇప్పుడు పోయి వానికి ఏం చెప్పేదప్పా?” అని అడిగాడు.

నిన్న కూడా, అన్న మాటే నాకు తగిలింది. నా సొరుగులో రిపోర్టు ఆగి ఉన్న ఆ నాలుగు రోజులూ ఆయన అక్కడికి పోయి వచ్చాడు.

తనిఖీ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు అప్పుడప్పుడు సలహా అడుగుతుంటారు. నేను చెప్పేది ఇంతే. మంచి పనితనం కనిపిస్తే మెచ్చుకోండి, మెచ్చుకున్న చోటే ఇంకోసారి గీకి చూడండి. ప్రమాద రిపోర్టులో అలవాటైన వాక్యం రాసే ముందు, ఆ వాక్యం ఎవరి మీద పడుతుందో కనుక్కోండి. నిజం తెలిశాక దాన్ని ఒక్క రోజు కూడా సొరుగులో ఉంచకండి. చనిపోయినవాడు వచ్చి కాదని చెప్పలేడు.