రాజవ్వ ఇంట్లో కిలో కారం ఎంత?

కోరుట్లలో ఒక ఇంటిని నేను ఒక్క మధ్యాహ్నంలో ఖాళీ చేయించాను. దొంగతనం కాదు, కోర్టు జప్తు కాదు, జేసీబీ అసలే కాదు. ఒకే ఒక్క వాట్సాప్ మెసేజ్! ఇప్పటికీ ఆ గల్లీలోంచి పోవాలంటే కళ్లు తప్ప ముఖమంతా చున్నీ చుట్టుకుంటాను. ఎవరైనా అడిగితే ఎండ అంటాను. ముసురు పట్టిన రోజున కూడా ఎండే అంటాను.

దీనికంతటికీ మూలం మా యారాలు స్వరూపక్క. యారాలంటే తోటికోడలు. మా బావగారి భార్య, నాకంటే ఐదేళ్లు పెద్ద, ఇక్కడి పిల్లే. నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. అన్నం లేకపోయినా ఉంటాను గానీ చార్జింగ్ లేకపోతే ఉండలేను. పెళ్లయి వచ్చిన కొత్తలో ఉల్లిగడ్డల కోసం ఫోన్ తీస్తే, పది నిమిషాల్లో తెచ్చిస్తామని గొప్పలు చెప్పుకునే యాప్ "మీ ప్రాంతానికి మా సేవలు లేవు" అంది. ఫోన్ నన్ను కాదనడం జీవితంలో అదే మొదటిసారి. ఇంకో యాప్‌లో పెడితే పప్పులు వచ్చాయి, కాకపోతే వండాలన్న కోరిక చచ్చిపోయాక వచ్చాయి.

మాకు కారు లేదు. ఉన్న ఒక్క బైకును మా ఆయన పొద్దున్నే జగిత్యాల ఆఫీసుకు వేసుకుపోతాడు. సూపర్ మార్కెట్టేమో ఊరికి ఆ చివర. ఆటోలో పోయి ఆటోలో వస్తే, వంకాయలకు పెట్టిన దానికంటే వంకాయలను ఊరేగించడానికి పెట్టిందే ఎక్కువ.

స్వరూపక్క మాత్రం చేతిలో సంచి, కాళ్లకు చెప్పులు, అంతే. నడిచిపోయి నడిచి వచ్చేది. వచ్చాక మా అత్తమ్మ కుర్చీ ముందు సంచి బోర్లించేది. అప్పుడు మొదలయ్యేది నాకు కడుపులో మంట.

"టమాటలు ఎట్లిచ్చిండ్రు స్వరూపా?"

"ఇరవైకి కిలో అత్తమ్మా."

"గింత సస్తనా! సూడు శ్రావ్యా, నువ్వు మొన్న నలబైకి తెచ్చినవ్. మీ అక్కను సూసి జర నేర్సుకో బిడ్డా."

ఆ "జర" ఉంది చూశారూ, అది నా చెవిలో దోమలా దూరి మూడు రోజులు తిరిగేది. టమాటలే కాదు, కందిపప్పు, చింతపండు, నూనె, ఏది తెచ్చినా స్వరూపక్కకు సగం ధరే. ఆమెను చూడగానే దుకాణదారులు కళ్లు తిరిగి పడిపోతారా? అడిగితే నవ్వి, "అలవాటైతది చెల్లె" అనేది. నాకు ఆ నవ్వు మీద కూడా కుళ్లే.

ఒక రోజు నిశ్చయించుకున్నాను. ఈవిడ ఎక్కడ కొంటుందో కనిపెట్టాలి. అంతకంటే తక్కువకు తేవాలి. అత్తమ్మ నోటితోనే "స్వరూపా, శ్రావ్యను సూసి నేర్సుకో" అనిపించాలి. ఆ మాట రికార్డు చేసి రింగ్‌టోన్ పెట్టుకోవాలి.

స్వరూపక్క సంచి తీసుకుని బయల్దేరగానే, ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు చెవికి పెట్టుకుని వెనకే పోయాను. ఆమె మా కొత్త కాలనీ దాటింది, పాత గల్లీలోకి తిరిగింది, ఒక పెంకుటింట్లోకి దూరింది. ఖాళీ సంచితో పోయిన మనిషి కాసేపటికి నిండు సంచితో బయటికి వచ్చి బజారు వైపు నడిచింది. గోడ చాటున నేను ఎగిరి గంతేశాను. దొరికింది దొంగ దుకాణం!

లోపలికి పోయి చూద్దును గదా, వరండా దూలానికి తూకం కాటా వేలాడుతోంది. కింద చాప మీద కారం, పసుపు, పప్పు పొట్లాలు, తొక్కు పచ్చడి డబ్బాలు, సకినాలు, గరిజెల లాంటి పిండివంటలు. ఇద్దరు ఆడవాళ్లు కొవ్వొత్తి మంట మీద కవర్ల మూతులు అతికిస్తున్నారు. మూలన మనిషి పట్టేంత అట్టపెట్టె. కాటా పక్కన కూర్చున్న పెద్దామె, "ఎక్కువైంది, తియ్యి! ఇంకింత తియ్యి!" అని అరుస్తోంది. మీరే చెప్పండి, దీన్ని దుకాణం అనకపోతే ఏమంటారు?

"నువ్వు స్వరూప యారాలివి గదా? హైదరబాద్ పిల్లవు. నేను రాజవ్వను. రా బిడ్డా, కూసో" అందామె.

నేను వ్యవహారంలోకి దిగాను. "కారం కిలో ఎంతకు పడుతది అవ్వా?"

"ఏమో బిడ్డా, మేమేడ కొన్నం? కథలాపూర్ కాడ మా చేన్ల మిరపకాయలే. గిర్నిల పట్టిచ్చినం."

మధ్యలో దళారి కూడా లేడు! "నాకొక కిలో కావాలె."

"తీస్కపో. ఎట్లైన బరువెక్కువైంది. సాయంత్రం బండి అచ్చేదాంక గిదే లొల్లి నాకు."

నేను వంద నోటు ఆమె చేతిలో పెట్టాను. రాజవ్వ కళ్లు తడిశాయి.

"గియ్యన్నెందుకు బిడ్డా?"

"ఉంచుకో అవ్వా. ఊరికే తీసుకుంటే మర్యాదనా?"

"సల్లగుండు తల్లీ!" అంటూ నోటు నడుముకు దోపుకుని, నా సంచిలో పసుపు పొట్లం, డబ్బాడు గరిజెలు కూడా పెట్టేసింది. కొసరుతో పాటు దీవెన కూడా ఇచ్చే దుకాణాన్ని మీరెక్కడైనా చూశారా?

అక్కడితో ఇంటికి పోయి ఉంటే ఈ కథే లేదు. కానీ నా చేతిలో ఫోన్ ఉంది. ఫోటో తీశాను, లొకేషన్ జోడించాను, మా కొత్త కాలనీ ఆడవాళ్ల గ్రూపులో పెట్టాను: "అక్కలూ! రాజవ్వ ఇల్లు. సొంత చేను కారం, పసుపు, తొక్కులు, పిండివంటలు. సగం ధర కంటే తక్కువ. సాయంత్రం బండి వచ్చేదాకే. త్వరపడండి. కనిపెట్టింది: శ్రావ్య."

కడుపులో ఇంత కుళ్లు ఉన్నదాన్ని, ఆ చివరి రెండు ముక్కలు పెట్టకుండా ఉండగలనా?

ఇంటికి పోయి సంచి అత్తమ్మ ముందు బోర్లించాను. ఆమె కారం వేలికి అద్దుకుని నాలుక మీద వేసుకుంది. "మంచిగున్నది. ఎట్లిచ్చిండ్రు?"

"మొత్తం కలిపి వందనే."

"వందనా!" అత్తమ్మ కుర్చీలోంచి లేచింది. అత్తమ్మ లేవడమంటే మామూలు సంగతి కాదు, అది అవార్డు. "ఇంకో పెద్ద సంచి తీస్కొని పో. ఉన్నదంత పట్కరా!"

నేను మళ్లీ పోయేసరికి రాజవ్వ ఇల్లు బస్టాండ్‌లా ఉంది. మా కాలనీ మొత్తం అక్కడే. రాజవ్వ రెండు గుప్పిళ్లలో నోట్లు పట్టుకుని, "నా కొడుకుకు గింతమంది అయినోళ్లున్నరని నాకే తెల్వకపాయె!" అని కళ్లు తుడుచుకుంటోంది. కొవ్వొత్తి ఆడవాళ్లు గోడకు అతుక్కుపోయి నిలబడ్డారు. ఒకామె కాటా ముందు వంగి, "ముల్లు సరిగ్గ లేదు, మళ్ల తూకం ఎయ్యి" అంటోంది. ఇంకొకామె అట్టపెట్టెలో నడుము దాకా దూరి, "గీ రగ్గెంత? రెండు తీస్కుంటే తగ్గిస్తవా?" అని లోపల్నుంచే అరుస్తోంది.

నేను కనిపెట్టిన దుకాణంలో నన్నే తోసేస్తారా? నాకు కోపం వస్తే ముందూ వెనకా ఉండదు. "లైన్! అందరు లైన్‌ల నిలబడండి!" అని రెచ్చిపోయి, ఐదు నిమిషాల్లో వరండా నుంచి గేటు దాకా వరుస కట్టించాను. అప్పుడే కొత్తగా క్షౌరం చేయించుకున్న కుర్రవాడొకడు టేపు చుట్ట పట్టుకుని సరాసరి లోపలికి వస్తున్నాడు.

"ఏయ్ తమ్ముడూ! వెనక్కి పో. లైన్‌ల రా."

"ఇది మా ఇల్లక్కా."

"ఎవరిల్లైతే ఏంది? అందరికీ ఒకటే రూల్."

అతను నన్ను పక్కకు జరిపి, "ఏందే అవ్వా గిది? నా డబ్బల సామానేది?" అని గొంతు చించుకున్నాడు.

అప్పుడు తెలిసింది. అతను మహేశ్, రాజవ్వ కొడుకు. ఆ సాయంత్రమే దుబాయికి ప్రయాణం. విమానంలో ఇన్ని కిలోలే అంటారు కాబట్టి ఆ కాటా. ఎక్కువైనవి తీసి వచ్చినవాళ్లకు ఇస్తోంది. నోట్లంటారా? గల్ఫ్‌కు పోయేవాళ్ల ఇంటికి వస్తే చేతిలో ఎంతో కొంత పెట్టడం ఇక్కడి మర్యాదట. రాజవ్వ మమ్మల్ని కొడుకును సాగనంపడానికి వచ్చిన చుట్టాలనుకుంది. చుట్టాలేమో తూకం సరిగ్గా లేదని కొట్లాడుతున్నారు!

అట్టపెట్టెలో మిగిలింది ఒక పౌడర్ డబ్బా. అది కూడా మూత లేకుండా.

అంతలో బజారు నుంచి వస్తూ స్వరూపక్క లోపలికి తొంగి చూసింది. సంగతి విని తల పట్టుకుంది. "నేను గా పొట్లాలు కట్టేతందుకు అస్త చెల్లె! ఇక్కడ ఎవలు అమ్ముతరే?"

"బండి ఐదింటికత్తది!" అని మహేశ్ మొత్తుకున్నాడు.

స్వరూపక్క రాజవ్వ చేతిలోని నోట్లు తీసుకుని నా రెక్క పట్టి లాగింది. "నడువు. అన్ని మళ్ల కొనుక్కద్దాం."

ఇద్దరం బజారంతా పరుగులు. చెమటలో తడుస్తూనే నేను లోలోపల సంబరపడ్డాను, సగం ధరల రహస్యం ఇప్పుడు నా కళ్ల ముందే బయటపడబోతోందని. మొదటి దుకాణంలో కారం అడిగింది. వాడు ధర చెప్పాడు. స్వరూపక్క ఇచ్చేసింది. రెండో దుకాణంలో పప్పు. చెప్పినంతా ఇచ్చేసింది. దారిలో టమాటలు కనబడితే కావాలనే అడిగాను. "నలబై" అన్నాడు. స్వరూపక్క నా వైపు చూడకుండా నడక పెంచింది.

"అక్కా, ఆగు. నీకు ఇరవైకే కదా ఇచ్చేది?"

"నోర్మూసుకొని నడువు."

"అక్కా!"

ఆగింది. ముఖం ఎర్రబడింది. "నాకు గూడ నలబైకే ఇస్తరు. గా మిగిలింది నేను బీడీలు చుట్టిన పైసలు ఏస్త."

"ఎందుకక్కా?"

"ఎందుకేందే? నువ్వొచ్చిన కాన్నుంచి అత్తమ్మ నాకాడ ఒకటే పాట. 'శ్రావ్య ఫోన్ల వేలు వెడితే సామాను ఇంటికే అస్తది, నీకేమస్తది స్వరూపా' అని! నాకు కడుపు మండదా?"

బజారు నడుమ సంచులతో నిలబడి ఒకరినొకరం చూసుకున్నాం. ఒకే కుర్చీలో కూర్చుని మా ఇద్దరి కింద పొయ్యి పెట్టిన మనిషి గుర్తొచ్చి పడీ పడీ నవ్వాం. ఇద్దరం ఒకటే ధర చెబుదామని అక్కడే ఒట్టేసుకున్నాం.

బండి కదిలే ముందు పెట్టె నిండింది. మహేశ్ కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కా, దుబాయిల దుకాణం పెడితే నిన్నే పిలుస్త. లైన్ మంచిగ నిలవెడ్తవ్" అన్నాడు. రాజవ్వ ఏడుపులోనే ఫక్కున నవ్వింది.

ఇంటికి పోగానే, వస్తూ ఇద్దరం కొన్న టమాటలు చూసి అత్తమ్మ అడిగింది. "ఎట్లిచ్చిండ్రు టమాటలు?"

ఒట్టయితే వేసుకున్నాం గానీ, ఏ ధర చెప్పాలో అనుకోలేదు. ఇద్దరికీ ఓడిపోవడం ఇష్టం లేక ఒకేసారి అన్నాం: "ఇరవై!"

అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. "శబాష్! మీ ఇద్దరికి సస్తగ తెచ్చుడు అచ్చింది. ఇంకేంది మరి, అచ్చే నెల నుంచి సామాన్లకు సగం పైసలే ఇస్త."

కాబట్టి అమ్మలారా, అక్కలారా, ఇదే నా ప్రతిజ్ఞ. ఇకమీదట యారాలు సంచిలో ఏముందో చూడను. ఎవరి వరండాలో కాటా కనిపించినా ముందు "ఎవరైనా ఊరికి పోతున్నారా?" అని అడుగుతాను. అత్తమ్మకు అసలు ధరే చెబుతాను. కాకపోతే మొదట స్వరూపక్క చెప్పాలి, ఆ తర్వాతే నేను.