మధ్యాహ్నం గుండెల మీద కూర్చునే మనిషి

నేను చేసిన తెలివితక్కువ పనులు చాలావరకు జనం మర్చిపోయారు. ఇదొక్కటి మాత్రం తిరువూరులో మా వీధివాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. చనిపోయిన ఓ పెద్దమనిషిని నేను పట్టపగలు ఇంటికి రప్పించాను. పైగా ఆ కబురు ఆయన భార్యకే చెప్పాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. బడిలో కొత్త మాస్టారిని. రాహేలు టీచరు గారింట్లో వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆవిడ రిటైరై ఒక్కరే ఉంటున్నారు. భర్త దానియేలు గారు రెండేళ్ల క్రితం ఆ గదిలోనే, నేను పడుకునే నవారు మంచం మీదే పోయారు. ఆ సంగతి ముందే చెప్పి, "నీకేమైనా పట్టింపా బాబూ?" అని అడిగారు. నేను గొప్పగా నవ్వి, అలాంటివి నమ్మనన్నాను.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. నేను ఇంటికొచ్చేసరికి టీచరు గారు గోంగూర మటనూ అన్నమూ పెట్టి ఉంచేవారు. దాన్ని తినడం అనకూడదు. గోడౌన్లో లారీ లోడు దించినట్టు దించేవాణ్ణి. కడుక్కున్న చెయ్యి ఆరకముందే వెల్లకిలా పడిపోయేవాణ్ణి.

ఆ రోజు కరెంటు పోయింది. ఫాను ఆగింది. ఎండకి వీధిలో చప్పుడనేదే లేదు. నా గుండెల మీద ఎవరో నెమ్మదిగా వచ్చి కూర్చున్నారు. కాసేపటికి వేడి చెయ్యి ఒకటి లోపలినుంచి గొంతుదాకా పాకింది. నోట్లో పులుపు. దగ్గర్లోనే ఓ ముసలి గొంతు "గ్ర్‌ర్" అంది. చప్పున లేచి కూర్చున్నాను. బరువు తగ్గింది. గదిలో దానియేలు గారి ఫోటో తప్ప ఎవరూ లేరు. మళ్లీ పడుకున్నాను. మళ్లీ వచ్చి కూర్చున్నారు.

పది రోజులు ఇదే వరస. పదకొండోనాడు టీచరు గారు గమనించారు.

"గొంతేంటి బాబూ, అలా బొంగురుపోయింది?"

జలుబు అంటే సరిపోయేది. నేను మాత్రం, "దానియేలు గారు వస్తున్నారండి," అన్నాను.

ఆవిడ భయపడలేదు. చేతిలో గిన్నె కింద పెట్టారు. "ఎన్నింటికి?"

"ఒంటిగంటకి. అన్నం తిని పడుకోగానే."

"ఏమంటున్నారు?"

"ఏదో చెప్పబోయి ఆగిపోతున్నారండి."

ఆవిడ ఫోటో వైపు చూశారు. "పాస్టరు గారు వింటే కోప్పడతారు. అయినా రేపు నేనూ కూర్చుంటాను," అన్నారు.

మర్నాడు గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. నేను తిన్నాను, పడుకున్నాను. బరువొచ్చింది. "గ్ర్‌ర్" అంది. ఆవిడ ముందుకు వంగి విన్నారు. కబురు పాకి, నాలుగో రోజుకి కిటికీ దగ్గర వీధి సగం నిలబడి ఉంది. ఆ రోజే మంట భరించలేక డాక్టరు దగ్గరికి పరిగెత్తాను.

ఆయన ముందు గుండె పరీక్ష చేయించి, బాగానే ఉందన్నారు. తర్వాత కాగితం మీద ఓ గొట్టం, కింద ఓ సంచి గీశారు.

"అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట కండరం ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. ముద్ద వచ్చినప్పుడు వదులై దారిస్తుంది, వెంటనే బిగుసుకుంటుంది. మీరు సంచి నిండా కూరి, వెంటనే అడ్డంగా పడుకుంటున్నారు. లోపల ఒత్తిడికి ఆ ఉంగరం సడలి, యాసిడ్ పైకి తంతోంది. బరువూ మంటా అదే. గాలి పైకొస్తే ఆ చప్పుడు. ఇంతకీ మీరేం పాఠం చెబుతారు మాస్టారూ?"

"జీవశాస్త్రమండి."

డాక్టరు గారు కలం కింద పెట్టి నన్ను కాసేపు అలాగే చూశారు.

మందుల కంటే టీచరు గారికి చెప్పడమే కష్టమైంది. తలొంచుకుని అంతా చెప్పాను.

"అంటే ఆయన రాలేదన్నమాట."

"లేదండి. అది నా కడుపు."

ఆవిడ పమిట కొంగు వేలికి చుట్టుకున్నారు. "ఒక్కసారి పడుకో బాబూ. ఒకటి అడగాలి. ఎవరైతే ఏంటిలే," అన్నారు.

కాదనలేకపోయాను. మందు వేసుకోకుండా మెడదాకా తిని పడుకున్నాను. ఆవిడ కిటికీ మూశారు. చీకట్లో ఆ బరువు మళ్లీ వచ్చి కూర్చుంది. కడుపని తెలిసినా, ప్రభువు మీద ఒట్టు, నేను కళ్లు తెరవలేదు.

"ఏవండీ," అన్నారు ఆవిడ. "ఆఖరి రోజు కాఫీ అడిగితే ఇవ్వలేదు. డాక్టరు వద్దన్నాడని. కోపముందా?"

నా లోపల ఉంగరం సడలింది. ఇల్లదిరిపోయేలా తేనుపొచ్చింది.

టీచరు గారు కళ్లు తుడుచుకుని నవ్వారు.

"ఆయనే బాబూ. ముప్పై ఏళ్ల కాపరంలో నేనేం అడిగినా ఇదే సమాధానం."

కాబట్టి చదువరులారా, తూర్పు తిరిగి, పొట్ట మీద చెయ్యి వేసుకుని ప్రమాణం చేస్తున్నాను. అన్నం తిన్న మూడు గంటల లోపు నడుం వాల్చను. పొరపాటున వాల్చినా, పోయిన ఏ మొగుడి తరఫునా జవాబు చెప్పను.