బ్రాకెట్లో అరవై

ఆకలిగొన్నవాళ్ళను మరిచిపోని దేవునికి స్తోత్రం. ఎండిన నేల మీద కూడా తన పిల్లలకు విందు పెట్టే తండ్రికి మహిమ. ముందు ఆయన్ని స్తుతించి, తర్వాతే మిగతా మాట.

నేను ఒట్టు వేయను. మా సంఘంలో ఒట్టు వేయకూడదని నేర్పారు. అవునంటే అవును... అంతే. కాబట్టి ఒక్కటే చెప్తాను. ఇది జరిగింది. నాకే జరిగింది. ఒమాన్‌లో, అల్ హైల్ అనే ఊళ్ళో, మా కేటరింగ్ కిచెన్‌లో. పెళ్ళికి ముందు రాత్రి.

నా పేరు దానియేలు. లేబర్ క్యాంపులకు భోజనం పంపే కిచెన్‌లో స్టోర్ చూస్తాను. ఎంతమందికి వండాలో చూసి, ఎంత సామాను తీయాలో లెక్కకట్టడం నా డ్యూటీ. నా కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద, కుడి మూలన, అగ్గిపెట్టంత కాలిక్యులేటర్ ఉంటుంది. విడ్జెట్ అంటారట. మా అకౌంటెంటు, కేరళ అతను, పెట్టాడు. లెక్క మొత్తం ఒకే లైనులో కొట్టాలి. ఒక్కో అంకె పడుతుంటే కింద జవాబు మారిపోతూ ఉంటుంది. సమానం గుర్తు కూడా నొక్కక్కర్లేదు.

దానితో నాకు మొదటినుంచీ పేచీయే. నేను కొట్టులో కాలిక్యులేటర్ మీద పెరిగినవాణ్ణి. ముందు కూడిక, ఆ మొత్తం మీద గుణకారం. ఇది అలా కాదు. ఎక్కడ కొట్టినా ముందు గుణిస్తుంది, తర్వాతే కూడుతుంది. ఒకసారి రెండు క్యాంపుల మనుషుల్ని కూడి, మనిషికి ఇంత పప్పు అని అదే లైనులో కొట్టాను. అది చెప్పినంత పప్పూ స్టోర్‌లోంచి తీయబోయాను. మా వంటమాస్టరు రాజన్నది జగిత్యాల. బస్తాలు చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"అన్నా, గింత పప్పు వండితె క్యాంపోళ్ళు తినరు... అండ్ల ఈత కొడ్తరు!"

"బ్రాకెట్ పెట్టు భాయ్" అని అకౌంటెంటు నవ్వాడు. నేను పెట్టలేదు. మొండితనం. అప్పటినుంచి కూడిక నోటితో చేసుకుని, ఒక్క గుణకారమే అందులో కొడతాను. ఆ గుండ్రటి గీతలు కీబోర్డు మీద ఎక్కడుంటాయో కూడా నాకు తెలియదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పెళ్ళి మార్తమ్మది. అమలాపురం వైపు అమ్మాయి. ఇక్కడికి దగ్గర్లోనే, దార్సైట్‌లో ఒక కుటుంబం దగ్గర వంటపని. పెళ్ళికొడుకు శామ్యూలుది నిజామాబాద్ వైపు. సూర్‌లో సైట్ పని. నెలకోసారి అంతదూరం నుంచి ఆరాధనకు వచ్చేవాడు. వాక్యం కోసమే వస్తున్నాడని మేమందరం మెచ్చుకున్నాం. తర్వాత తెలిసింది... సగం వాక్యం కోసం, సగం మార్తమ్మ కోసం.

ఇద్దరి ఇళ్ళనుంచీ ఎవరూ రాలేరు. మా సంఘమే పుట్టిల్లు, మా సంఘమే అత్తిల్లు. మార్తమ్మ నా దగ్గరకొచ్చి ఒక్కటే అడిగింది.

"అన్నయ్యా, పువ్వులు లేకపోయినా పర్లేదండి. ఇన్నేళ్ళూ ఒకళ్ళ బల్లకే వడ్డించానండి. నా పెళ్ళికొచ్చినోళ్ళు ఒక్కళ్ళు కూడా ఆకలితో లేవకూడదండి. మాటిత్తారా?"

ఇచ్చాను.

మా అర్బాబ్... అంటే యజమాని, ఒమానీ పెద్దమనిషి... వంటకు కిచెన్ ఇచ్చాడు. ఆయనదీ ఒక్కటే షరతు. "ఖానా ఫేంక్నా నహీ, దానియాల్." అన్నం పారేయడం ఆయన దృష్టిలో పాపం. చెత్తడబ్బాలో కనబడితే ఇంకెప్పుడూ సంఘానికి కిచెన్ ఇవ్వనన్నాడు.

అంటే తక్కువ కాకూడదు. మిగలకూడదు. మధ్యలో నేను.

వస్తామన్నవాళ్ళు రెండు వందల మంది. సూర్ నుంచి శామ్యూలు తోటి పనివాళ్ళు రావట్లేదు. పెళ్ళి శుక్రవారం, సెలవు రోజే. అయినా వాళ్ళకు డ్యూటీ పడింది. "ఏం జేస్తం అన్నా" అని ఫోన్‌లో నవ్వాడు శామ్యూలు. ఆ నవ్వు వెనక దిగులు నాకు వినబడింది.

బిర్యానీకి చికెన్ ఫ్రీజర్‌లోంచి రాత్రే తీసి కరగబెట్టాలి. ఒకసారి కరిగిందా... మళ్ళీ లోపల పెట్టకూడదు. ఏం తీస్తే అదే. అందుకే ఆ రాత్రి లెక్క అంత ముఖ్యం.

బయట రాజన్న ఉల్లిపాయలు కోస్తున్నాడు. ఆఫీసు గదిలో నేనొక్కణ్ణే. మనిషికి పావు కిలో. 200*0.25 అని కొట్టాను. కింద 50 అని పడింది. యాభై కిలోలు. స్టోర్ తాళాలు తీసుకుని ఫ్రీజర్ దాకా వెళ్ళాను. చేతికి గ్లోవ్స్ మరిచిపోయాను. వెనక్కి వచ్చాను.

తెర మీద యాభై లేదు.

(200+60)*0.25 అని ఉంది. కింద 65.

ముందు నాకు కోపమే వచ్చింది. "రాజన్నా! కంప్యూటర్ ముట్టుకున్నావా?"

"నా చేతులు జూడన్నా! అంత ఉల్లిగడ్డ రసమే. నేను ముట్టుకుంటె నీ కంప్యూటర్ గూడ ఏడుస్తది!"

అతను ఇంగ్లీషు అంకెలు చదువుతాడు గానీ కీబోర్డు మీద వేలు పెట్టి ఎరగడు. పైగా అతను కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. మూకుడంత గిన్నెలో ఉల్లిపాయలు అప్పుడే సగం పైకొచ్చాయి.

సరే. అంతా చెరిపేశాను. మళ్ళీ కొట్టాను. 200*0.25. యాభై. రెండుసార్లు చూసుకున్నాను. లేచాను. తలుపు దగ్గరకు వచ్చాను.

టక్.

వెనక...

టక్. టక్.

ఏసీ నీళ్ళు బకెట్‌లో పడే చప్పుడు నాకు తెలుసు. ఇది అది కాదు. ఇది కీబోర్డు. రోజూ వినే చప్పుడు. నా వేళ్ళ కింద వినే చప్పుడు... నా వేళ్ళు తలుపు గడియ మీద ఉన్నాయి.

వెంటనే తిరగలేకపోయాను. మెడ తిరగలేదు. నోటిలో ప్రభువు పేరు ఒక్కటే ఉంది. దాన్ని పట్టుకుని మెల్లగా... మెల్లగా తిరిగాను.

కుర్చీ ఖాళీ. కీబోర్డు దగ్గర ఎవరూ లేరు. గదంతా తెర వెలుతురు.

(200+60)*0.2

కింద 52.

అక్కడ ఆగింది. చివర చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆరింది... వెలిగింది... ఆరింది... ఎవరో ఆలోచిస్తున్నట్టు. ఎవరో నేను చూసేదాకా ఆగినట్టు.

అప్పుడు, నా కళ్ళముందే...

5.

యాభై రెండు పోయి అరవై అయిదు పడింది.

కీబోర్డు మీద ఆ మీట కిందకు దిగిందా? చూడలేదు. నేను తెరనే చూస్తున్నాను. ఇప్పటికీ నన్ను తొలిచేది అదే. ఒక్క క్షణం కళ్ళు కిందకు దించి ఉంటే తెలిసేది.

అలాగే మోకాళ్ళ మీద పడ్డాను. చప్పుడు విని రాజన్న పరుగెత్తుకొచ్చాడు. చేతిలో ఉల్లి కత్తి. జరిగింది చెప్పాను. ఇది సాతాను పనేమో, నన్ను తప్పు లెక్కలోకి లాగుతోందేమో అన్నాను. అతను తెరవైపు చూశాడు. నావైపు చూశాడు.

"ఎల్లమ్మ తల్లీ... అన్నా, ఒక్కటడుగుత. ఏ దయ్యమన్న పెండ్లిల కూర ఎక్కువ వండుమంటదా?"

నాకు నవ్వొచ్చింది. అంత భయంలో నవ్వు!  మా పాస్టరుగారు ఎప్పుడూ చెప్పేదే... ఆత్మ ఎలాంటిదో దాని ఫలం చూసి తెలుసుకోమని. ఆ మాట రాజన్న నోట ఈ రూపంలో వస్తుందని నేను అనుకోలేదు.

అరవై అయిదు కిలోలు తీశాం. బియ్యం, మసాలా కూడా ఆ లెక్కకే. గడ్డకట్టిన ముక్కలు బల్ల మీద పెడుతుంటే అర్బాబ్ మొహమే కళ్ళముందు మెదిలింది.

తెల్లారింది. పెళ్ళి జరిగింది. మార్తమ్మ తెల్లచీరలో, అందరికీ అన్నం వడ్డించే ఆ చేతికి ఉంగరం... సంఘమంతా చప్పట్లు. కిచెన్ ఆవరణలోనే విందు మొదలైంది. నేను గుండిగల పక్కన నిలబడ్డాను. ఒక వరుస తిన్నది. రెండో వరుస తిన్నది. రెండు వందల మందీ చేతులు కడుక్కున్నారు. ఆఖరి గుండిగలో బిర్యానీ ఇంకా కొండలా ఉంది.

అర్బాబ్ వచ్చాడు. గుండిగలోకి తొంగిచూశాడు.  కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అరిచినా నాకు అంత భయం వేసేది కాదు.

అప్పుడు బయట హారన్.

తర్వాత... డప్పు!

గేటు ముందు పెద్ద బస్సు. కిటికీల్లోంచి సగం బయటికి వేలాడుతూ మనుషులు. సైట్ చొక్కాల మీదే వచ్చారు. "శామీ! మమ్ముల ఇడిసిపెట్టి పెండ్లి జేసుకుంటవారా!" శామ్యూలు కోటు వేసుకుని, చెప్పులు లేకుండా పరుగెత్తాడు. ఒకణ్ణి పట్టుకుంటే పదిమంది అతన్ని పైకెత్తారు. తెల్లవారుజామున క్రేన్ చెడిపోయిందట. డ్యూటీ లేదని ఫోర్‌మన్ అప్పుడు చెప్పాడట. పెళ్ళికొడుకును ఆశ్చర్యపెట్టాలని ఫోన్ చేయకుండా వచ్చేశారు.

తెల్లవారుజామున. మేం చికెన్ ఫ్రీజర్‌లోంచి తీసింది దానికి ఎంతో ముందే.

మార్తమ్మ ఎవర్నీ గరిటె ముట్టుకోనివ్వలేదు. కొంగు దోపుకుని తనే వడ్డించింది. "తినండి, ఇంకొంచెం, మీరు మావారి తమ్ముళ్ళండి, సిగ్గెందుకండి." ఒకడు తింటుంటే ఒకడు డప్పు. మా సంఘం ముసలమ్మలు కూడా అడుగులు వేశారు. దేవునికి స్తోత్రం!

చివరికి బస్సు డ్రైవర్ మిగిలాడు. పాకిస్తానీ. మొహమాటంతో బస్సులోనే కూర్చున్నాడు. మార్తమ్మ ప్లేటు పట్టుకుని తనే వెళ్ళింది. ఆ ప్లేటు కోసం రాజన్న గుండిగను గరిటెతో గీకాడు. గీకితే ఒక ప్లేటు నిండింది. కింద అడుగు మెరిసింది.

అర్బాబ్ మళ్ళీ తొంగిచూశాడు. "మాషా అల్లా" అని నా భుజం తట్టి వెళ్ళాడు.

రాజన్న నా చెవి దగ్గరకొచ్చాడు. "అన్నా, బస్సుల ఎంతమందొచ్చిన్రో డ్రైవర్‌తోటి కలిపి లెక్కబెట్టిన. చెప్పాల్నా?"

"వద్దు."

ఇప్పటికీ అడుగుతాడు. ఇప్పటికీ వద్దంటాను. సరిగ్గా అరవై అంటే భయం. కాదంటే ఇంకో రకం భయం.

అకౌంటెంటుకు చెప్తే నవ్వాడు. మీట ఇరుక్కుని ఉంటుంది, నిద్రమత్తులో నువ్వే కొట్టి ఉంటావు అన్నాడు. కావచ్చు. కానీ బ్రాకెట్లు? నాకు రాని బ్రాకెట్లు?  పాస్టరుగారు మాత్రం, "తెలియనిదానికి పేరు పెట్టకు. యంత్రానికి మొక్కకు. తిన్నవాళ్ళ పక్షాన దేవునికి వందనాలు చెప్పు" అన్నారు.

అదే చేస్తున్నాను. దేవదూతో, దుమ్ము పట్టిన మీటో, నాకు తెలియదు. కానీ ఇప్పుడు రోజూ లెక్క కొట్టాక, తలుపు దగ్గర కాసేపు ఆగుతాను. వీపు తెరవైపు పెట్టి. చెవులు రిక్కించి.

ఇది చదివిన మీరు నాకోసం ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి. మార్తమ్మ, శామ్యూలుల ఇంటిని తలుచుకోండి. నాతో కలిసి ఇలా అడగండి... ప్రభువా, మా లెక్కలోకి రానివాళ్ళు దారిలో ఉన్నారు. వాళ్ళు మా గుమ్మం చేరేసరికి మా గుండిగలో వాళ్ళకూ ఉండేలా చెయ్యి. ఆమేన్.